బోణీకి కొన్న చైనా డబ్బా

నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజార్లో ఒక కొట్టు షట్టర్ పూర్తిగా లేవకముందే లోపలికి దూరి, వాడిన ఇంటర్నెట్ డబ్బాను సగం ధరకు కొట్టుకొచ్చిన మొనగాణ్ణి నేను. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని ఢిల్లీలోనైనా ఏ కొట్టువాడూ వదులుకోడు. గుంటూరులో మా నాన్న గిన్నెల కొట్లో పెరిగినవాడికి ఆ మాత్రం తెలియదా? పద్దెనిమిది వందలన్నాడు, తొమ్మిది వందలకు దింపాను.

"చైనా మాలేగా," అని మూతి విరిచాను, ఇంకో యాభై రాలుతుందేమోనని.

"సార్జీ, దునియా అంతా ఈ కంపెనీదే నడుస్తోంది," అన్నాడతను.

వసంత్ కుంజ్‌లోని మా ఇంట్లో మాత్రం నడవలేదు. సిమ్ వేస్తే ఎర్రదీపం. సెట్టింగుల పేజీ తెరిస్తే అన్నీ చైనా అక్షరాలు.

మా ఆవిడ నర్సు. కాంట్రాక్టు బతుకు మాని పర్మనెంట్ కావడానికి ఆ మధ్యాహ్నం రెండింటికి వీడియో ఇంటర్వ్యూ. మా కింది వాటాలో ఫోన్ మాట మధ్యలో తెగిపోతుంది. అందుకే కిటికీలో పెట్టడానికి ఈ డబ్బా తెచ్చాను.

"వెనక్కిచ్చి ఇంకోటి తెండి," అంది.

"బోణీ సరుకు వెనక్కివ్వకూడదు. మా నాన్న ఒక్కనాడూ తీసుకోలేదు."

"అయితే నా ఇంటర్వ్యూ కూడా మీ నాన్నగారినే చెయ్యమనండి!"

మెట్లు దిగుతున్న పైవాటా ఆమె ఈ గొడవ విని ఆగింది. మొజాంబిక్ నుంచి వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. తలుపులోంచే డబ్బాను చూసి, "అరే భయ్యా, ఇది మా అమ్మ ఇంట్లో ఉంది!" అంది హిందీలో.

"మీకు చైనా భాష వచ్చా?" అంది మా ఆవిడ ఆశగా.

"నహీ దీదీ. మా ఇంట్లో పేజీ పోర్చుగీసులో ఉంటుంది. కానీ బటన్ల వరస ఇదే."

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎడమనుంచి మూడోది, దాని కింద రెండోది అంటూ, అక్షరం చదవకుండా నొక్కుకుంటూ పోయింది. మా నాన్న వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి అరలోంచి కావలసిన గ్లాసు తీసేవాడు, అలాగ. వాళ్ళ ఊరి బస్టాండు పక్క టవరూ, బడిలో డబ్బా, అమ్మ ఫోనూ, అన్నీ ఆ కంపెనీవేనట. అన్నయ్య ఉద్యోగం కూడా ఆ టవర్లెక్కి బాగుచెయ్యడమేనట.

"ఇది ఇంకా చైనా నెట్‌వర్క్‌నే వెతుక్కుంటోంది, భయ్యా. మీ సిమ్ కంపెనీది పెట్టాలి, అంతే."

దీపం పచ్చబడింది. రెండింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మా ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఎక్కడో తయారైన డబ్బా, ఇంకెక్కడో ఆమె నేర్చిన వాడకం, మా వంటింటి కిటికీలో కలిశాయి. మూతి విరవడానికి నా దగ్గర మూతే లేకపోయింది.

మా ఆవిడకు ఉద్యోగం వచ్చింది. పైవాటా ఆమెను ఏం కావాలని అడిగితే, "దీదీ చేసే చేపల పులుసు," అంది. ఆ పులుసు వడ్డిస్తుంటే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఆమె మొదటిసారి పైవాటా అద్దెకు చూడటానికి వచ్చిన రోజు, ఎంత అద్దె చెప్పమంటావని ఇంటి యజమాని అడిగితే, "విదేశీ మనిషి అంకుల్, రెండు వేలు ఎక్కువ చెప్పండి, ఇస్తుంది," అన్నది నేనే. ఆ మాట ఆమెకు చెప్పేశాను. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. తర్వాత, "పులుసులో ఉప్పు తక్కువైంది దీదీ," అంది.

యజమానితో కూర్చుని ఆ రెండు వేలూ తగ్గించాను. పదకొండు నెలలుగా ఆమె ఎక్కువ కట్టేసిన దానిమీద మాత్రం ఆయన పైసా కదల్లేదు. అది నా జేబులోకి రాలేదని బేరమాడే నోరు నాకుంది. ఆడలేదు. నా డబ్బే ఆమెకు మూడు వాయిదాల్లో ఇచ్చాను. డబ్బాకు తొమ్మిది వందలు, ఆమెకు ఇరవై రెండు వేలు. మొత్తం ఇరవై రెండు వేల తొమ్మిది వందలు. చవకే.