యాక్షన్ చెప్పేవాళ్లు లేని చోట

ఆ రోజుల్లో నాకు మనుషులు కనిపించేవారు కాదు, కీళ్లు కనిపించేవి. మధురానగర్‌లో హాస్టల్ నుంచి బయటపడి మెట్రో ఎక్కానంటే, ఎదురుగా నిలబడ్డాయన ఎడమ తుంటి మీద ఎంత బరువు వేస్తున్నాడో, పక్కనున్నావిడ ఫోన్ చూస్తూ మెడ ఎంత వంచిందో లెక్క వేసుకుంటూ కూర్చునేదాన్ని. ఫిల్మ్‌నగర్ వైపు వెళితే పోస్టర్ల మీద హీరోగారు ఒంటికాలి మీద లేచి పదిమందిని తంతుండేవారు. ఆయన నడుము సంగతి తలచుకుని నాకు బెంగగా ఉండేది. (ఇంటర్ చదివేటప్పుడు అవే పోస్టర్లు చూడటానికి గోదావరి గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లిన పిల్లనే నేను. చదువు మనిషిని ఇలా చెడగొడుతుంది.) అప్పటికి ఫిజియోథెరపీలో పీజీ రెండో ఏడు. లోకంలోని నొప్పులన్నీ నాకోసమే కాచుకుని ఉన్నాయనీ, నేను వెళ్లి చెయ్యి వేయడమే ఆలస్యమనీ గట్టి నమ్మకం.

జూబ్లీహిల్స్ కొండ దిగే దారిలో ఉండేది మా యూనివర్సిటీ విభాగం. వరండాలో ఒక పెద్ద బోర్డు. ఒకవైపు అధ్యాపకుల పేర్లు, ఎదురుగా వాళ్ల పరిశోధనాసక్తులు. మెడ ఒకరిది, భుజం ఒకరిది, నడుము ఇద్దరిది ఉమ్మడి, మోకాలు మా పెద్ద మేడంగారిది. ఆ కొండమీద ప్లాట్లు పంచుకున్నట్టు మనిషి ఒంటిని అంతా పంచేసుకున్నారు. నేను వెళ్లేసరికి ఖాళీ ఎముక ఒక్కటి మిగల్లేదు. పీజీ విద్యార్థులు తమ పరిశోధనాంశాన్ని కమిటీ ముందు పెట్టి ఒప్పించాలి. ఆ నెల చివరి శనివారం ఆఖరి గడువు, తప్పితే ఆరు నెలలు వెనక్కి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. టాపిక్ ఓకే అయిపోయిందని మా అమ్మకు అప్పటికే ఫోన్‌లో చెప్పేశాను. ఆవిడ వీధంతా చెప్పేసింది. ఏ టాపిక్కో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

కమిటీకి పెద్ద మా విభాగాధిపతి. కీలు ఎంత వంగుతుందో కొలిచే పరికరం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది కాబట్టి మేం ఆయనకు కోణం సార్ అని పేరు పెట్టుకున్నాం. (నమస్కారం పెడితే మోచెయ్యి ఎన్ని డిగ్రీలు వంగిందో చూసేవారని ఒక పుకారు. నిజమే అయ్యుంటుంది.) నేను తీసుకెళ్లిన టాపిక్కులు రెండూ ఆయన అప్పటికే వెనక్కి ఇచ్చేశారు. రెండోసారి నడుము నొప్పి పట్టుకెళితే కాగితం చూసి, కళ్లజోడు తీసి, నెమ్మదిగా అన్నారు. "నీకు నడుము మీద ఆసక్తి లేదమ్మా. నడుము మీద పాత వ్యాసాలు బోలెడు దొరుకుతాయని ఆసక్తి." ఆ మాట నిజం కావడం వల్ల నాకు వారం రోజులు ఆయన మీద కోపం పోలేదు.

అలాంటి సమయంలో మా ఓపీకి వచ్చాడు పల్టీ అన్న. సినిమాల్లో ఫైటర్. యాభై దాటిన మనిషి, యూసుఫ్‌గూడలో ఉండేవాడు. హీరో కొడితే గాల్లో తిరిగి పడటం ఆయన పని. సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్‌లో అందరూ పల్టీ అన్న అనే పిలిచేవారు కాబట్టి, మా నాన్న వయసున్న ఆయన్ని నేనూ అన్నా అనే పిలిచాను. ఎడమ మణికట్టు విరిగి, అతికి, కట్టు తీసేశాక బిగుసుకుపోయింది. ఎలా విరిగిందని అడిగితే షూటింగ్‌లో ఒకటో అంతస్తు నుంచి దూకితే అన్నాడు. కేస్ షీట్‌లో రాసుకున్నాను. మర్నాడు అది రెండో అంతస్తయింది. వారం తిరిగేసరికి మూడో అంతస్తు, కింద మండే కారు. నేను ప్రతిసారీ శ్రద్ధగా కొట్టేసి కొత్తగా రాసుకున్నాను తప్ప, ఇల్లు రోజురోజుకూ ఎందుకు పెరుగుతోందా అని ఒక్కసారీ ఆలోచించలేదు. సినిమా మనిషి నా ఎదురుగా కూర్చుని చెయ్యి నా చేతిలో పెట్టాడు. ఇంక బుర్ర ఎక్కడ పనిచేస్తుంది!

ఒకరోజు కీలు వదులవడానికి మణికట్టుకు వేడి మైనం పట్టిస్తూ, ఇన్నేళ్లుగా పడుతూ ఉంటే ఎముకలు ఎలా మిగిలాయన్నా అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. "పడుడు గూడ ఒక విద్య డాక్టరమ్మా. గదువ గుండెకు ఆనియ్యాలె. ఊపిరి ఇడ్సాలె. భుజం మీదికెళ్లి దొర్లాలె. చెయ్యి మాత్రం ముంగట పెట్టొద్దు, పెట్టినవా పోయినట్టే. భూమితోని కొట్లాడొద్దు, దోస్తీ చెయ్యాలె." (నేనింకా డాక్టరమ్మను కాదని రోజూ చెప్పేదాన్ని. తెల్లకోటు వేసుకున్నవాళ్లంతా తమకు డాక్టర్లేనని రోజూ కొట్టిపారేసేవాడు.)

మా ఓపీలో ముసలమ్మలూ ముసలయ్యలూ వరసగా కూర్చునేవారు. అందరిదీ ఒకటే కథ. కాలు జారింది, చెయ్యి ఆన్చాను, విరిగింది. పడకుండా ఎలా ఉండాలో వాళ్లకు చెప్పేవాళ్లం గానీ, పడితే ఎలా పడాలో ఎవరూ చెప్పలేదు. ఆ విద్య వచ్చినవాళ్లు మా గేటు దాటితే వీధికి పదిమంది ఉన్నారు. బోర్డు మీద ఎవరి వాటాలోకీ రాని విషయం, నిఖార్సైన ఖాళీ స్థలం! ఆయన చెయ్యి అక్కడే వదిలేసి (పాపం, మైనం వేడి మధ్యలో) కోణం సార్ గదికి పరుగెత్తాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఊపిరి తీసుకోకుండా చెప్పాననీ, మధ్యలో దొర్లడం ఎలాగో కుర్చీలోనే చేసి చూపించాననీ మాత్రం గుర్తుంది. సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మొదటిసారి కాగితం అడగలేదు. ఎముక పూర్తిగా అతికిందని పల్టీ అన్న డాక్టరు దగ్గర చీటీ తెమ్మన్నారు, పరుపులు రెండు వరసలు వేయమన్నారు, కుడివైపే పడాలన్నారు. శనివారం కమిటీ ముందు ఆయన్నే పడి చూపించమన్నారు.

ఆ సాయంత్రమే ఆ చీటీ సంగతీ, పిలుపూ చెప్పడానికి యూసుఫ్‌గూడ వెళ్లాను. సన్న గల్లీలో రెండు గదుల ఇల్లు. ఆయన భార్యను వదినా అని పిలిచి, మూడో అంతస్తు నుంచి పడి కూడా మణికట్టు ఒక్కటే పోవడం అన్న గొప్పతనమేనన్నాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూడో అంతస్తా?" అని భర్తవైపు చూసింది. పల్టీ అన్న గబగబా, జర చాయ్ పెట్టు, డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో ఏమో అని ఆమెను లోపలికి పంపేశాడు. పడిన సంగతి తలచుకుంటే ఆమెకు ఏడుపొస్తుందేమో అనుకుని నేను జాలిపడ్డాను. పిలుపు విని మాత్రం ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎన్ని సినిమాల్లో పడినా టైటిల్స్‌లో తన పేరు ఎవరూ చదవలేనంత జోరుగా పోయేదట. చదువుకున్నవాళ్లు కూర్చుని తాను పడటం చూస్తామనడం ఇదే మొదలట. నల్లచొక్కా ఇస్త్రీకి ఇవ్వమని అప్పుడే వదినకు కేకేసి చెప్పాడు.

శనివారం వచ్చింది. హాల్లో పరుపులు, ఒక పక్క ప్లాస్టిక్ అస్థిపంజరం, ఎదురుగా కమిటీ, గోడవారన విద్యార్థులు. పల్టీ అన్న నల్లచొక్కాలో వచ్చాడు, వెనకాలే వదిన. నేను నాలుగు మాటలు చెప్పి, అన్నా ఇక పడండి అన్నాను. ఆయన పరుపు మధ్యలో నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. నేను మళ్లీ అన్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, ఎవరు కొడతరు అని అడిగాడు. ఎవరూ కొట్టక్కర్లేదు, ఊరికే పడండి అన్నాను. "ఊరికె ఎట్ల పడుత? దెబ్బ రావాలె, యాక్షన్ అనాలె. గవ్వి లేకుంటే పానం లేవది డాక్టరమ్మా." కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. మోకాలి మేడంగారు, పేషెంటును కొట్టాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలని గుర్తుచేశారు. (కొట్టినట్టు నటించడానికి వేరే ఫారం ఉందేమో ఆవిడకూ సరిగ్గా తెలియలేదు.) నా ఆరు నెలలు కళ్లముందే జారిపోతున్నాయి. వీధంతా అమ్మను టాపిక్ ఏమైందని అడుగుతున్నట్టు వినిపించింది. అప్పుడు కోణం సార్ లేచారు. జేబులో పరికరం తీసి బల్లమీద పెట్టారు. కళ్లజోడు దాని పక్కన పెట్టారు. చొక్కా చేతులు మడుచుకుని పరుపు మీదికి వచ్చి, ఎటువైపు నుంచి కొట్టమంటారండీ అని అడిగారు.

యాక్షన్ అన్నది నేనే. నా జీవితంలో ఆ మాట అనడం అదొక్కసారే, గొంతు కీచుమంది. సార్ పిడికిలి ఆయన దవడకు రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది. పల్టీ అన్న మాత్రం అడ్డంగా గాల్లోకి లేచి, తిరిగి, కుడి భుజం మీద దిగి, రెండు పల్టీలు కొట్టి, తలుపు దగ్గర ఒంటి మోకాలి మీద తేలాడు. చప్పుడు కూడా రాలేదు. గాలికి అస్థిపంజరం చెయ్యి ఊగింది. హాలు చప్పట్లతో మోగిపోయింది. సార్ తన పిడికిలిని తానే ఆశ్చర్యంగా చూసుకున్నారు. (తర్వాత వారం రోజులు ఆయన కుడి భుజం కొంచెం పైకెత్తి నడిచారు. అది ఎన్ని డిగ్రీలో కొలిచే ధైర్యం మాకు లేకపోయింది.) నేనైతే ఎగిరి గంతేశాను, నిజంగానే.

చప్పట్లు ఆగాక సార్ కళ్లజోడు పెట్టుకుని నా కేస్ షీట్ తెరిచారు. చాలా బాగా పడ్డారండీ అని మెచ్చుకున్నారు. తర్వాత అడిగారు. "చెయ్యి ముందు పెట్టకూడదన్నది మీ విద్యలో మొదటి పాఠం కదా. మరి మణికట్టు ఎలా విరిగింది?"

అన్నిసార్లు అంతస్తులు దిద్దిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. పల్టీ అన్న నావైపు చూశాడు. మూడో అంతస్తు ఆ కాగితం మీదే ఉంది, నేను చదివితే సరిపోయేది. హాలంతా తనను హీరోని చూసినట్టు చూస్తోంది. అవతల కృష్ణానగర్‌కు అసలు సంగతి పాకితే, పడటం చేతకాని ఫైటర్‌ను ఏ ఫైట్ మాస్టర్ పిలుస్తాడు? అవన్నీ ఆయన మొహంలో నాకు కనిపించాయి. వదిన ఈసారి కొంగు చాటున నవ్వలేదు. ఆయన నల్లచొక్కా సర్దుకున్నాడు.

"బాత్రూమ్‌ల సార్. సబ్బునీళ్ల మీద జారిన. గాడ యాక్షన్ ఎవరు చెప్తరు సార్? ఎవడు కొట్టిండు? ఒక్కపారి కాళ్ల కింద భూమే లేకుండె. నా విద్య నాకు యాదికే రాలే. చెయ్యి దానంతట అదే ముంగటికి పోయింది."

ఎవరూ నవ్వలేదు. నాకు కన్నీళ్లు వచ్చేశాయి. నా టాపిక్ పరుపు మీదే చచ్చిపోయింది. ఇంత నేర్చినవాడికే అక్కరకు రానిది, ముసలమ్మలకు నేర్పి ఏం లాభం? ఎందుకు చెప్పేశావన్నా అని తర్వాత అడిగితే ఒక్కటే అన్నాడు. "నా అబద్ధం రాసుకుంటే రేపు ఆ ముసలోళ్లు నమ్ముతరు గద."

కానీ కోణం సార్ మొహం వెలిగిపోవడం నేనప్పుడే మొదటిసారి చూశాను. ఇప్పుడు చెప్పమ్మా, నీ ప్రశ్న ఏమిటి అన్నారు. నాలో ఏదో తలుపు తెరుచుకుంది. చెప్పి పడటం వేరు, చెప్పకుండా పడటం వేరు అన్నాను. తెలిసి పడ్డప్పుడు వచ్చిన విద్య తెలియకుండా పడ్డప్పుడు ఎందుకు రాదు, ఎలా నేర్పితే వస్తుంది, యాక్షన్ అనకుండా నేర్పొచ్చా అంటూ ఒకదాని మీద ఒకటి వచ్చేస్తున్నాయి. మాటలు అందక చేతులు తిప్పుతున్నాను. సార్ మధ్యలో ఆపి, ఇదీ ఆసక్తంటే అని సంతకం పెట్టేశారు.

ఇంటికి వెళ్లేముందు పల్టీ అన్న, నా పేరు రాయకమ్మా అన్నాడు. పరిశోధనలో ఎవరి పేర్లూ రాయరనీ, నంబర్లే ఇస్తారనీ, ఆయన ఒకటో నంబరనీ చెప్పాను. "ఒకటా? మంచిగున్నది. టైటిల్స్‌ల ఎన్నడు ఫస్ట్ రాలే." ఇప్పటికీ ఫోన్ చేస్తే పేరు చెప్పడు, నంబర్ ఒకటి మాట్లాడుతున్న అంటాడు.

ఇప్పుడు నేను ఆ విభాగంలోనే పాఠాలు చెబుతున్నాను. బోర్డు మీద నా పేరు ఎదురుగా 'అనుకోకుండా పడటం' అని ఉంటుంది. మొన్న వానాకాలంలో మా ఇంట్లోనే జారాను. పడటం గురించి ఇన్నేళ్లు చదివినదాన్ని కదా, గడ్డం గుండెకు ఆనలేదు, భుజం దొర్లలేదు, చెయ్యి హాయిగా ముందుకెళ్లి భూమితో కొట్లాడింది. మణికట్టుకు కట్టుతో మా ఓపీలోనే కూర్చుంటే, కొత్తగా చేరిన పీజీ అమ్మాయి కేస్ షీట్ పట్టుకుని మెరిసే కళ్లతో ఎలా పడ్డారు మేడం అని అడిగింది. ల్యాబ్‌లో డెమో ఇస్తూ అనబోయింది నా నోరు, మొదటి అక్షరం వచ్చేసింది కూడా. ఆ కళ్లు చూస్తే, మైనంలో చెయ్యి వదిలేసి పరుగెత్తిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. బాత్రూమ్‌లో అని రాసుకోమ్మా అన్నాను. ఆ అమ్మాయి కాస్త నిరాశగానే రాసుకుంది. ఎన్నో అంతస్తు అని అడుగుతుందేమోనని నేను ఒక్క క్షణం ఎదురుచూశాను.