చూసి చెప్తాను

బట్టలకొట్లో, కొలబద్ద పక్కన కూర్చుని పెరిగినదాన్ని. పది చీరలు విప్పించి "చూసి చెప్తాను" అంటూ మెట్లు దిగిన మనిషి ఇక రాదని మా కొట్లో అందరికీ తెలుసు. వద్దని మర్యాదగా చెప్పడమే ఆ మాట. నేనక్కడ నేర్చుకున్న ఇంకో విద్య, సరుకులో లోపం కనబడినా వెంటనే నోరు విప్పకపోవడం. దాచుకుని, మళ్ళీ బేరం వచ్చినప్పుడు తీయాలి.

అమెరికా వచ్చాక ఈ రెండు విద్యలతోనే కాపెల్ అనే ఊళ్ళో వంటసామాను అమ్మకం పెట్టాను. ఇక్కడి మనవాళ్ళకి రోటిపచ్చడి మీద బెంగ. రోళ్ళు మనూరి నుంచి ఓడ మీద తెప్పించేకంటే పక్కనున్న మెక్సికో నుంచి తేలిక. అక్కడ నల్లరాతితో మూడు కాళ్ళ చిన్న రోళ్ళు చెక్కే ఒకావిడ దొరికింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. ఫోన్‌లోని అనువాదమే మాకు దుబాసీ.

అరవై రోళ్ళు మా గరాజ్‌కి చేరిన రోజే ఒకదాంట్లో బియ్యం నూరి, కడిగి, పల్లీపచ్చడి చేశాను. మొదటి ముద్దకే పంటికింద ఇసుక. మళ్ళీ కడిగాను, మళ్ళీ ఇసుక. ఇంకో రెండు తీసి చూశాను. రాయే మెత్తన, నూరినకొద్దీ రాలుతోంది. అంతలో ఆవిడ మెసేజ్: "చేరాయా? బాగున్నాయా?"

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు సంతోషమే వేసింది. రెండో ఆర్డర్‌కి ధర విరగ్గొట్టే ఆయుధం దొరికింది కదా! "చూసి చెప్తాను" అని టైప్ చేశాను.

రెండు నెలలు పోయాక, రెండో ఆర్డర్ బేరంలో ఆ ఆయుధం తీశాను. ఆవిడ జవాబు ఇది: "చెప్తానన్నారని రోజూ ఎదురుచూశాను. చెప్పలేదు గనక బాగున్నాయనుకున్నాను. అదే బండలోంచి చెక్కి ఇంకో నాలుగు కొట్లకి పంపాను. అందరూ నన్నే కదా తిడతారు?"

నా మాటలోని 'వద్దు' సరిహద్దు దాటలేదు. 'చెప్తాను' మాత్రం భద్రంగా దాటింది.

మా స్నేహితురాలి కూతురు ఇక్కడే పుట్టి పెరిగిన లాయర్. సరుకు బాగోలేకపోతే నాకేం హక్కుందని తనని అడిగాను.

"ఆంటీ, బయ్యర్ పే చెయ్యాలి, డెలివరీ తీసుకోవాలి."

"రెండూ చేశానమ్మా."

"ఇంకా ఉంది. గూడ్స్ వచ్చాక త్వరగా చూడాలి. ప్రాబ్లమ్ ఉంటే, ఏం ప్రాబ్లమో సెల్లర్‌కి చెప్పాలి, రీజనబుల్ టైమ్‌లో. లేకపోతే మీ క్లెయిమ్ పోతుంది. దేశాల మధ్య అమ్మకాలకి ఒక ట్రీటీ ఉంది, ఈ రూల్ అందులోదే. యూఎస్, మెక్సికో రెండూ అందులో ఉన్నాయి."

"అంటే, చూసి చెప్పాలి."

"యా, అంతే! మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"బేరానికి దాచుకున్నాను."

"ఓ మై గాడ్, ఆంటీ! దానికి లా లో ఎక్స్‌క్యూజ్ లేదు."

తను నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. పోయింది నా హక్కు ఒక్కటే అయితే బాగుండేది. ఎక్కడో ఎవరి పంటికిందో ఇసుక పడినప్పుడల్లా పోయేది ఆవిడ పేరు. నేను ఆ రోజే చెప్పుంటే ఆ బండని ఆవిడ మళ్ళీ ముట్టుకునేది కాదు.

ఇంటికొచ్చి రాశాను: "ఇసుక మొదటి రోజే చూశాను. ధర తగ్గించుకోవడానికి దాచాను. తప్పు నాది. ఈ సరుకుకి మిమ్మల్నేమీ అడగను. ఆ నాలుగు కొట్లకీ ఇప్పుడే చెప్పండి. రాయి అమ్మినవాడికి చూపించడానికి ఫోటోలు పంపుతున్నాను."

కాసేపటికి జవాబు వచ్చింది: "చూసి చెప్తాను."

మా కొట్టు మెట్లు దిగి వెళ్ళిపోయిన వాళ్ళంతా గుర్తొచ్చారు. ఆవిడ కూడా వెళ్ళిపోయిందనే అనుకున్నాను.

మూడో రోజు మళ్ళీ మెసేజ్. అన్నట్టే చూసి చెప్పింది. మూడు కొట్లు అమ్మకం ఆపేశాయట. నాలుగో కొట్లో ఒక్క రోలూ మిగల్లేదట, అన్నీ అమ్ముడైపోయాయట.