మేస్త్రి వేళ్ళు తెల్లబడ్డ చలికాలం

మా బావని షెడ్డులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. యజమానురాలి దగ్గర్నుంచి ఊడ్చే ఆమె దాకా అందరికీ ఆయన మేస్త్రీయే. మా అక్కని చేసుకున్న పాపానికి నన్ను కూడా భరించాల్సి వస్తోందని నలుగురి ముందూ అంటుంటాడు. నన్ను అక్కడ స్టోరుకీపరుగా పెట్టించింది ఆయనే కాబట్టి నోరు మూసుకుని పడతాను.

మేం చేసేది బళ్ళకీ పార్కులకీ ఇనుప జారుడు బల్లలు. రేకు కోసిన చోట అంచు మీద సన్నటి ముళ్ళు మిగులుతాయి. కంటికి ఆనవు గానీ, పిల్లల చెయ్యి వాటి మీదుగా జారిందంటే బ్లేడుతో కోసినట్టు కోసేస్తాయి. వాటిని గ్రైండరుతో అరగదీయడం బావ పని. అరగదీశాక ఒట్టి వేళ్ళతో అంచంతా పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి నిమిరి, "పోనీ" అంటాడు. అప్పుడు నేను చీటీ మీద సంతకం పెడతాను, బల్ల లారీ ఎక్కుతుంది. ఇరవై ఆరేళ్ళలో ఆయన పోనిమ్మన్న బల్ల ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆ ముక్క రోజుకు రెండుసార్లయినా మా చెవిన వేస్తాడు. గొప్పలకేం తక్కువ లేదు.

కిందటి చలికాలంలో ఒక పొద్దున కుళాయి దగ్గర ఆయన చేతులు చూసి ఆగిపోయాను. రెండు చేతుల్లోనూ మూడేసి వేళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయి. గీత గీసినట్టు సగం వేలి దాకా మామూలు రంగు, అక్కణ్ణుంచి తెలుపు.

"ఏంటి బావా ఇది?"

"చలికిరా. కాసేపట్లో అవే వస్తాయి."

"ఎక్కడికెళ్ళాయేంటి, రావడానికి?"

మామూలుగా అయితే నా వీపు మీద ఒక్కటిచ్చేవాడు. ఈసారి నవ్వను కూడా లేదు, దాంతో నాకు భయం వేసింది. ఇరవై నిమిషాలకి తెలుపు పోయి నీలం తిరిగింది, నీలం పోయి ఎర్రబడింది. ఎర్రబడేటప్పుడు మంటకి పళ్ళు బిగబట్టాడు. కాలివేళ్ళదీ ఇదే వరసని అప్పుడే నోరు జారాడు.

ఆ వారం బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ గది వెచ్చగా ఉంది. బావ వేళ్ళు పెళ్ళికొడుకు వేళ్ళలా గులాబీ రంగులో మెరుస్తున్నాయి. "చూశావా, భేషుగ్గా ఉన్నాయి. ఈవిడ టైము కూడా పాడు చేశావు," అంటూ లేవబోయాడు. నా ఒళ్ళు మండింది. ఆయనకు తెలీకుండా తీసిన ఫోటో ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ ఫోటో చూసి, "ఏం పని చేస్తారు?" అనడిగింది. గ్రైండరు అనగానే తల ఊపింది.

"చలికి అందరి రక్తనాళాలూ కాస్త ముడుచుకుంటాయి. మీ వేళ్ళలోవి ముడుచుకుని మూసుకుపోయినంత పని చేస్తున్నాయి. అందుకే ఆ తెలుపు. ఇన్నేళ్ళ గ్రైండరు అదురు వల్ల వచ్చిందనుకుంటున్నాను. వేరే కారణాలు ఉన్నాయేమో రక్తపరీక్షలో చూద్దాం."

"మందు రాయండి, తగ్గిపోతుంది," అన్నాడు బావ, తనే డాక్టరైనట్టు.

"రాస్తాను. కానీ ముందు ఆ మిషను వదలాలి, సిగరెట్టు మానాలి. చల్లటి ఇనుము ఒట్టి చేత్తో ముట్టుకోకండి. మొద్దుబారిన చేతిని వేడి నీళ్ళలో పెట్టకండి, కాలినా మీకు తెలీదు. అశ్రద్ధ చేస్తే వేలి చివర్లు పుండ్లు పడతాయి."

"పోయిన స్పర్శ తిరిగొస్తుందా?" అనడిగాడు బావ.

ఆవిడ మందులు రాస్తూ, "ఇప్పుడు ఆపేస్తే ముదరకుండా ఉండొచ్చు. పోయినదంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను," అంది.

మెట్లు దిగుతూ నా భుజం పట్టుకున్నాడు. "మీ అక్కకి చెప్పకు. షెడ్డులో అసలే చెప్పకు. ఈ వేళ్ళు పోయాయంటే నేనక్కడ ఎందుకూ కొరగాను." నేను పోట్లాడాల్సింది. ఇంట్లో చారులో ఉప్పు తక్కువైతే ఇల్లెగిరిపోయేలా అరిచే నేను, అక్కడ పిల్లిలా సరేనన్నాను. సిగరెట్టు మానేశాడు, అది నిజం. గ్రైండరు పట్టేటప్పుడు తొడుగులు కూడా వేసుకున్నాడు. అంచు నిమిరేటప్పుడు మాత్రం తీసేసేవాడు. తొడుగులతో చూస్తే కళ్ళకు గంతలు కట్టుకుని చూసినట్టే అనేవాడు.

ఈ చలికాలం ఒక పొద్దున షెడ్డు రేకుల మీంచి మంచు నీళ్ళు కారుతున్నాయి. ఒక బడికి మూడు బల్లలు పోవాలి. బావ మూడింటినీ నిమిరాడు, మూడింటికీ పోనీ అన్నాడు. నేను సంతకం పెట్టాను. ఎనిమిదింటికి లారీ వెళ్ళిపోయింది. ఆ తర్వాత తొమ్మిదిన్నర దాకా ఆ చలిలోనే తొడుగులేసుకుని గ్రైండరు పట్టి, అప్పుడు టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని గోడవారన కూర్చున్నాడు.

నేను ఏదో చెబుతున్నాను. ఆయన గ్లాసు వంకే చూస్తున్నాడు. గ్లాసు మీంచి ఎర్రగా ఏదో కారుతోంది. వేళ్ళకి రంగు తిరిగొస్తోంది, దానితో పాటు రక్తమూ వస్తోంది. చూపుడు వేలి మీద ఒక గాటు, మధ్య వేలి మీద రెండు. తెగినప్పుడు రక్తమే లేదు కాబట్టి అప్పుడు కారలేదు, ఆయనకూ తెలియలేదు.

"దేనికి తెగాయి బావా?" అన్నాను, తెలిసి కూడా.

గ్లాసు కింద పెట్టి నేరుగా యజమానురాలి గదిలోకి నడిచాడు. వెనకే పరిగెత్తాను. "అమ్మా, ఈ పొద్దున నేను చూసిన బల్లలు నేను చూడనట్టే. నా వేళ్ళకి తెలియలేదు," అన్నాడు. ఆవిడ ఆ చేతులు చూసి మొహం పాలిపోయి ఫోను అందుకుంది. బడిలో మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. లారీ డ్రైవరు ఫోనూ అంతే. పిల్లల్ని పదిన్నరకి ఆటకి వదులుతారని ఆవిడే చెప్పింది. అప్పటికి పది కావస్తోంది.

స్కూటరు నేనే నడిపాను. ఆ గాలికి ఆయన వేళ్ళు మళ్ళీ ఏమవుతాయో తెలుసు కాబట్టి, "నా కోటు జేబుల్లో పెట్టు," అని అరిచాను. "ముందు బండి చూసి నడుపు," అని తిరిగి అరిచాడు. దారి పొడుగునా ఇద్దరం ఒకర్నొకరు తిట్టుకుంటూనే ఉన్నాం. తిట్టుకోకపోతే ఏడ్చేవాళ్ళం.

గేటు దాటుతుండగా గంట కొట్టారు. రెండు బల్లలు బిగించేశారు, మూడోది గోడకి ఆనించి ఉంది. పిల్లలు వరదలా వస్తున్నారు. బావ స్కూటరు ఆగకముందే దూకి, మొదటి బల్ల మెట్లకి అడ్డంగా నిలబడి చేతులు చాపాడు. రెండోదానికి నేను అడ్డం పడ్డాను.

"తాతా, జరుగు!"

"తాతెవరే? ఎవ్వరూ ఎక్కడానికి లేదు!"

టీచర్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి విషయం చెప్పి పిల్లల్ని వెనక్కి పంపేసరికి నా చొక్కా తడిసిపోయింది. బావ అంచు మీద వేళ్ళు పెట్టాడు, తీసి చూసుకున్నాడు. మళ్ళీ సుద్దముక్కలు.

"నువ్వు చూడు," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ మాట ఎవరితోనూ అనలేదు. నా వేళ్ళు కాగితాలు తిప్పే వేళ్ళు. "నొక్కకు. ఊరికే ఆనించి లాగు. గోరు కాదురా, కండ!" అంటూ పక్కనే నడిచాడు. వంపు దగ్గర చురుక్కుమంది.

"తగిలింది బావా."

"ఇంకా?"

కింద ఇంకొకటి తగిలింది. రెండో బల్లకి ఒకటి. మూడోది నున్నగా ఉంది. ఆయన మట్టిలోనే కూలబడ్డాడు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకుంటుంటే, "చలి మొదలైన దగ్గర్నుంచి ఎన్ని పంపాం?" అనడిగాడు.

"పంతొమ్మిది."

"కిందటేడు చలికాలంలో?"

కిందటేడు కూడా ఆ వేళ్ళు తెల్లగా ఉన్నాయని నాకు తెలుసు. తెలిసే ప్రతి చీటీ మీదా సంతకం పెట్టాను. "అన్నీ చూడాలిరా," అన్నాడు. కాదనే మొహం నాకు లేదు.

మర్నాటి నుంచి బయల్దేరాం. యజమానురాలు బండి ఇచ్చింది, ఆయన్ని ఇంకెప్పుడూ అంచు ముట్టుకోవద్దని కూడా చెప్పింది. బావ తల వంచుకుని విన్నాడు. ప్రతి చోటా నేను నిమరడం, ఆయన పక్కనే నిలబడి గదమాయించడం. నాలుగు బళ్ళలో ఏమీ దొరకలేదు. ఆయన మొహంలో కొంచెం కళ వచ్చింది. నేనూ జోకులు మొదలుపెట్టాను.

అయిదో బడిలో బల్లకి తాడు కట్టి ఉంది. ఎందుకని వాచ్‌మన్‌ని అడిగితే, "నెల కిందట ఒక పిల్ల చెయ్యి తెగిందండీ, అయిదు కుట్లు పడ్డాయి," అన్నాడు. ఆ పిల్లని చూడాలన్నాడు బావ. వద్దని చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

టీచరు పిలుచుకొచ్చింది. ఏడేళ్ళుంటాయేమో. అడక్కుండానే అరచెయ్యి చాపి చూపించింది.

"నేను కుదురుగా కూర్చోలేదంట. అందుకే తెగిందంట," అంది.

బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ తప్పు కాదమ్మా. ఆ బల్ల చేసింది నేను. తప్పు నాది," అన్నాడు. ఆ పిల్ల చెయ్యి తీసుకుని కుట్ల గీత మీద చూపుడు వేలు ఆనించాడు. పైనుంచి కిందికి లాగాడు, కిందినుంచి పైకి లాగాడు. ఆ వేలు సగం దాకా తెల్లగా ఉంది. ఇంకోసారి లాగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాకేం తెలీడం లేదురా. మానిందేమో నువ్వు చూసి చెప్పు."

నేను వంగి నిమిరాను. నున్నగా ఉందని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు బావా," అన్నాను. "ఇంకా గట్టిగా తగులుతోంది."