అత్త చెరిగిన మట్టి

తొంభైల నడుమ నా భార్య పోయింది. ఆత్మకూరు ఊరి చివర, మా సంఘం సమాధుల దొడ్డిలో పూడ్చాం. అక్కడ నేలంతా గరుసు, ఇటుక ముక్కలు. ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి అత్త బస్సులో వచ్చి, కూతురి పక్కన ఎండలోనే గంటల తరబడి కూర్చునేది. ఆమెకు నీడ కావాలని ఒక కానుగ మొక్క నాటాను. వేసవికి ఎండిపోయింది. మరొకటి నాటాను. అదీ అంతే.

లెక్కలు నేనెవరి దగ్గరా నేర్చుకోలేదు గానీ, దేన్నయినా కొలవందే నాకు తోచదు. గుంత లోతు, పోసిన నీళ్లు అన్నీ సరిగానే ఉన్నాయి. నా కొలతకు అందనిదేదో ఉందనిపించి, మొక్కలమ్మిన నర్సరీ ఆయన్ని అడిగాను.

"ప్యాకెట్లో పెరిగిన మొక్క అది, అన్నా. దాని వేర్లకు తోడు లేదు," అన్నాడు. ముదురు చెట్ల వేళ్లను పట్టుకుని, కంటికి ఆనని ఫంగస్ ఒకటి బతుకుతుందట. వేరు దూరలేని సందుల్లోకి దాని పోగులు పోయి నీళ్లు అందిస్తాయట. "పెద్ద కానుగ కింద మన్ను, సన్న వేర్లతోనే తెచ్చి గుంతలో వెయ్యి. ఎండకు కొంచెం తట్టుకుంటాది."

అత్త ఇంటి ముందర పెద్ద కానుగ ఉంది. నా భార్య చిన్నప్పుడు ఆడుకున్నది దాని కిందే. ఆ మట్టి తవ్వి ఉంచమని అత్తకు కబురు పంపి, తొలి వానలు పడ్డాక వెళ్లాను. చాప మీద మట్టి ఆరబోసి ఉంది. ఆమె దాన్ని చేటలో చెరిగి, జల్లెడ పట్టి, విత్తనాలకు పెట్టినట్టు ఎండ పెట్టింది.

"చూడు నాయనా, ఒక్క పుల్ల లేదు. నా బిడ్డ పక్కన వేసే మన్ను గదా," అంది.

చెప్పకపోతే మూడో మొక్కా పోతుంది, ఆమె మళ్లీ ఎండలోనే కూర్చుంటుంది. ఆ సన్న వేర్లే కావాలని, మట్టి ఎండబెట్టకూడదని చెప్పాను.

"ఏందీ, ఆ వేర్లలోనే ఉండాదా పానం? ఏరి ఏరి పారేసినానే!" అంది. లోపలికి పోయి పార తెచ్చింది. "తవ్వు. ఈసారి నేను చెయ్యి పెట్టను."

చెట్టు మొదట్లో తడిమట్టి, వేళ్లతో సహా గోనెసంచికి ఎత్తాను. ఆమె చెరిగిన మట్టిని కూడా మూట కట్టాను.

"ఆత్మకూర్లో మన్ను కరువైందా అన్నా?" అన్నాడు బస్సు కండక్టరు. అత్త మూటను ఒళ్లో పెట్టుకుంది.

తడిమట్టి మూడో మొక్క వేళ్లకు ఆనించి గుంత పూడ్చాను. చెరిగిన మెత్తని మట్టిని కూతురి సమాధి మీద అత్త తన చేత్తోనే పరిచింది.

తర్వాతి వేసవిలో మొక్క సగం ఆకు రాల్చింది, మళ్లీ చిగిర్చింది. అది ఫంగస్ వల్లేనని రుజువు చెయ్యలేను. పోల్చి చూడటానికి పక్కన ఇంకో మొక్క నాటలేదు. రెండో వేసవికి వచ్చిన నీడ అత్తకు ఒక్క భుజం వరకే సరిపోయింది. నీడ జరిగినప్పుడల్లా ఆమె కూడా జరిగి కూర్చునేది.