పచ్చి బాలింత సముద్రం దాటకూడదు

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, కార్తీక మాసం. రాజోలు దిగువన, సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ముందు కాలవ, వెనక కొబ్బరితోటలు, వాటి వెనక సముద్రం. పురుళ్ళు పోయడంలోనే నా సర్వీసంతా గడిచింది. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆ నోటికి ఎక్కువ పని చెప్పింది మా వైపు ఆచారం ఒకటి. కాన్పయ్యాక పదకొండో రోజు స్నానం చేసి పురుడు తీరేదాకా బాలింత నీళ్ళు దాటకూడదంటారు. రక్తస్రావం ఆగని మనిషిని పంటు మీద గోదావరి దాటించి పెద్దాస్పత్రికి పంపుదామంటే, గుమ్మానికి అడ్డంగా కూర్చునే ముసలమ్మలతో ఎన్ని పోట్లాటలు పడ్డానో. "మీ ఆచారం తగలెయ్య" అని తిట్టి మరీ ఎక్కించేదాన్ని.

ఒక ఉదయం, వేటకెళ్ళిన మావాళ్ళు ఇంజను చెడిపోయిన పడవనొకదాన్ని తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. అందులో ఉన్నవాళ్ళు బర్మా వైపు నుంచి, ఇళ్ళు తగలబడితే పారిపోయి వచ్చినవాళ్ళు. అందరినీ తుఫాను షెల్టరులో పెట్టి బయట కాపలా ఉంచారు. రహీమా అనే అమ్మాయిని మాత్రం భర్తతో సహా మా దగ్గరికి పంపారు. చేతుల్లో, రెండు రోజుల కిందట పడవలోనే పుట్టిన ఆడపిల్ల. తల్లికి బాగా డీహైడ్రేషన్, అంటే ఒంట్లో నీరంతా ఇంకిపోయింది. పైగా జ్వరం. పాలు పడలేదు. పిల్లకి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

సెలైన్ ఎక్కించాను. మాట కలిపింది మాత్రం మా ఆయా సత్యవతి. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన మనిషి, అక్కడే హిందీ నేర్చింది. రహీమా భర్తకీ కాస్త హిందీ వచ్చు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"ముందు ఇంకో దేశం ఒడ్డుకెళ్ళేరంటండి. అక్కడి గవర్నమెంటు పడవ దగ్గరికొస్తే, కాపాడ్డానికే అనుకున్నారంట. రెండు డబ్బాల నీళ్ళిచ్చి, తాడు కట్టి, మళ్ళీ నడి సముద్రంలోకి లాగి వదిలేసేరంటండి. ఈ పిల్ల ఆ తరవాత పుట్టింది."

ఆపైన తన సంగతీ చెప్పింది. "పనిచేసే ఇంటి నుంచి పారిపోతే నన్నూ కువైట్‌లో పట్టుకుని గదిలో పెట్టేరండి సిస్టరమ్మగారూ. దొంగని చూసినట్టే చూసేరు. కానీ నన్ను పంపెయ్యడానికి నాకో ఊరుందండి."

పిల్ల పేరేమిటని అడిగించాను. ఎక్కడ దిగనిస్తే అక్కడ పెడదామనుకున్నాం అన్నాడట.

సత్యవతి ఇంటి నుంచి బాలింతలకు పెట్టే కాయం ముద్ద తెచ్చింది. నేతిలో వేయించిన వెల్లుల్లి వేడి అన్నంలో కలిపి తినిపించింది. మా మందుల గొప్పో ఆవిడ పథ్యం గొప్పో గాని పాలు పడ్డాయి. జ్వరం తగ్గింది. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ మర్నాడే, షెల్టరు దగ్గర కాపలా చూసే పోలీసు ఆఫీసరు వచ్చారు. మర్యాదస్తుడే.

"పైనుంచి ఆర్డరండి మేడం గారూ. ఇంజను బాగుచేయించేం. సరుకులిచ్చి, సముద్రంలో మన సరిహద్దు దాకా తీసుకెళ్ళి వదిలెయ్యమన్నారు. ఈవిడ ప్రయాణానికి ఫిట్టో కాదో చెబితే చాలండి."

మా డాక్టరు గారు కాకినాడలో ట్రైనింగులో ఉన్నారు. ఫోను చేస్తే, వైటల్స్ చూసి మీరే చెప్పండి అన్నారు. వైటల్స్ అంటే నాడి, బీపీ, జ్వరం, ఊపిరి. అన్నీ బాగున్నాయి. నేను ఎక్కించిన సెలైనే నాకు ఎదురు తిరిగింది. లేని జబ్బు పుట్టిద్దామంటే, ఇంకో డాక్టరు వచ్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అప్పుడు నా మాటకి ఇక విలువుండదు. కిటికీలోంచి సముద్రపు హోరు వినిపిస్తోంది. ఆ పసిగుడ్డుని మళ్ళీ దాని మీదికి పంపడం నా వల్ల కాలేదు.

"ఒంట్లో బాగానే ఉందండి. కానీ పంపడానికి వీల్లేదు," అన్నాను.

"అదేంటండి?"

"పచ్చి బాలింతండి. సముద్రం దాటకూడదు."

సత్యవతి నా మొహంలోకి ఒక చూపు చూసి, చేతిలో చీపురు పక్కన పెట్టి బయటికి పోయింది. కాసేపటికి ఊళ్ళో ముసలమ్మలు వచ్చారు. నేను ఇన్నాళ్ళూ తిట్టిన ముసలమ్మలే. వచ్చి వార్డు గుమ్మానికి అడ్డంగా చతికిలబడ్డారు. అందరికన్నా పెద్దది మంగమ్మగారు మొదలెట్టింది.

"బాబూ, తమరిదే ఊరండి?"

"కొత్తపేట దగ్గరండి."

"మీ ఇంటాడపిల్లనైతే పురుడు తీరకుండా నీళ్ళ మీద పంపుతారాండి?"

"ఆర్డరండి మామ్మగారూ. నాదేం లేదు."

"ఆయ్, మీదేం లేదు. ఆ ఆర్డరేసినాయన్నీ ఒక తల్లే కన్నాది కదండీ. కన్నాక ఆవిడకీ పురుడు తీర్చే ఉంటారు. మేం లేవమండి."

ఆయన టోపీ తీసి వరండాలోకి వెళ్ళి చాలాసేపు ఫోనులో మాట్లాడారు. తిరిగొచ్చి, "పదకొండో రోజు దాకానండి. ఆపైన నా చేతుల్లో లేదు," అన్నారు. వెళ్ళబోతూ ఉయ్యాలలోకి వంగి చూశారు.

మంగమ్మగారు నా వైపు తిరిగింది. "ఏమ్మా సిస్టరమ్మా, మా ఆచారం తగలెయ్యమన్నావు గదా?"

"అనే అన్నాను మామ్మగారూ. ఒక్క ముక్క మిగుల్చుకున్నాను," అన్నాను. అందరూ నవ్వారు. ఏమర్థమైందో గాని రహీమా కూడా నవ్వింది.

ఆ రోజుల్లోనే ఎవరో లాయర్లు కోర్టుకెళ్ళారని, సముద్రంలోకి తోలే మాట ఆగిందని తెలిసింది. పదకొండో రోజు కుంకుడుకాయలతో తలంటి, కొత్త చీర కట్టబెట్టి, పండగలాగే చేశాం.

మధ్యాహ్నం వ్యాన్లు వచ్చాయి. మగవాళ్ళు ఒక ఊరి జైలుకి, ఆడవాళ్ళూ పిల్లలూ ఇంకో ఊరి హోముకి. నేరమేమిటంటే అనుమతి లేకుండా దేశంలోకి రావడం. చెడిపోయిన పడవలో కొట్టుకొచ్చినవాడు ఆ అనుమతి ఎక్కడ ఆగి అడగాలో నాకు ఈనాటికీ తెలియదు. రహీమా భర్త వ్యాను తలుపు దాకా పిల్లను ఎత్తుకునే ఉన్నాడు. పిలిచాక పిల్ల మాడు మీద ముక్కు ఆనించి వాసన చూసి, సత్యవతి చేతుల్లో పెట్టి ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"రాత్రిళ్ళు చెవులు కప్పమన్నాడండి. అంతే."

రహీమా వ్యాను ఎక్కుతుంటే, పిల్లకి పేరు పెట్టారా అని అడిగించాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, ఇన్నాళ్ళలో సత్యవతి దగ్గర పట్టుకున్న నాలుగు హిందీ ముక్కల్లో చిన్నగా ఏదో చెప్పింది. సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాకు చెప్పింది.

"ఇంకా దిగలేదంటండి."

ఆ తరవాత వాళ్ళ కబురు లేదు. హోముకి ఫోను చేస్తే అక్కడి నుంచి వేరే చోటికి మార్చారన్నారు. ఎక్కడికో చెప్పలేదు.

ఫిట్ అంటే నాలుగు వైటల్స్ అని నేను నర్సింగులో చదువుకున్నాను. మా తరవాత వచ్చిన అమ్మాయిలకీ అదే నేర్పాను. ఇప్పుడు దానికి ఒక మాట కలిపి నేర్పుతున్నాను. ఈ మనిషి ప్రయాణానికి ఫిట్టేనా అని ఎవరైనా అడిగితే, నాడి పట్టుకోబోయే ముందు, ఎక్కడికి అని అడగండమ్మా అంటాను.