యాదగిరి గారిని నేల మీదికి దించిన పూట

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అప్పటికి నేను ఇళ్లకు వెళ్లి పాలియేటివ్ కేర్ చేస్తున్నాను. అంటే, జబ్బు ఇక నయం కాదని తేలిన మనిషికి బాధ లేకుండా చూసే నర్సు పని. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లిలోని యాదగిరి గారి ఇంటికి నడిచే వెళ్లేదాన్ని. ఆ మార్కెట్ రద్దీలో స్కూటీ తోసుకెళ్లడం కంటే అదే నయం.

ఆయన నారాయణగూడలో టైలర్. జబ్బు హార్ట్ ఫెయిల్యూర్. అంటే గుండె ఆగిపోవడమని చాలామంది అనుకుంటారు. కాదు. గుండె బలం తగ్గి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఆయన నెలల తరబడి దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయారు.

"మిషన్ ముంగట కూసున్నట్టే ఉన్న సిస్టర్, బట్టనే లేదు," అని నవ్వేవారు.

ఆ మధ్యాహ్నం ఆయన చేతులు చల్లబడ్డాయి. ఆసుపత్రి వద్దని ముందే చెప్పి ఉన్నారు. బర్కత్‌పుర నుంచి వచ్చిన ఆయన అక్క అండాళమ్మ గారు గబగబా చాప పరిచారు.

"కిందికి దించి పండవెట్టుండ్రి. మా ఇంట్ల మంచం మీద పాణం ఇడిసినోళ్లు లేరు."

నాకు ఒళ్లు మండింది. "పడుకోబెడితే ఆయన్ని నీళ్లలో ముంచినట్టేనమ్మా!" అన్నాను.

"మంచం మీదనే పోతే వాడికి మంచిగతి ఎట్లయితది సిస్టర్?" పెద్దావిడ భోరుమన్నారు. నా కోపం అక్కడే దిగిపోయింది. ఆమెది మొండితనం కాదు, తమ్ముడి మీద బెంగ.

నేను యాదగిరి గారి దగ్గర వంగాను. "కిందికి దించమంటారా? పడుకోవద్దు, కూర్చోబెడతాం."

ఆయన తల ఊపారు.

ఊపిరాడని బాధ తగ్గడానికి డాక్టర్ రాసిన మార్ఫిన్ చుక్కలు నాలుక కింద వేశాను. పక్కింటివాళ్లను పిలిచి, వీపు వాలకుండా దుప్పటితో దించాం. గోడకు ఆనిద్దామంటే ఒరిగిపోతున్నారు. అండాళమ్మ గారే గోడకు చేరగిలబడి కూర్చుని చేతులు చాపారు.

"నాకియ్యుండ్రి. చిన్నగున్నప్పుడు నా మీదనే ఒరిగి పండుతుండె."

తమ్ముడి వీపును గుండెకు ఆనించుకున్నారు. ఆయన అరికాళ్లు చాప దాటి, నేల మీది షాబాద్ బండలకు ఆనాయి. "సల్లగుంది," అన్నారు. ఆ తర్వాత మాట్లాడలేదు. భార్య సుగుణమ్మ తులసి నీళ్లతో పెదాలు తడుపుతూ కూర్చున్నారు.

దీపాలు పెట్టే వేళకు ఊపిరి ఆగింది. నాడి చూసి చెప్పాను. అండాళమ్మ గారు తమ్ముణ్ణి వదల్లేదు. అలాగే పట్టుకుని నన్ను అడిగారు.

"ఇగ పండవెట్టొచ్చా బిడ్డా?"

"పడుకోబెట్టండమ్మా," అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఏ ఇంట్లో చాప పరిచినా నేను నిలబడి వాదించను. ముందు వెళ్లి ఆ చాప మీద కూర్చుంటాను. మాటలు ఆ తర్వాతే.