గాలికి దారి లేని చిప్పు

నేను నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఒక్క చుక్కతో తేల్చే ప్లాస్టిక్ చిప్పు చేయాలని నెలల తరబడి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సన్నని కాలువ, దాని చివర రంగు మారే చిన్న గది. సాఫ్ట్‌వేర్‌లో నీళ్లు ఎంతో అందంగా పారాయి. డిజైనులో తప్పులేమీ లేవని ఆకుపచ్చ అక్షరాల్లో రాసి మరీ చూపించింది.

దాన్ని చెక్కే యంత్రం మా కాలేజీలో లేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక శిల్పి దగ్గర ఉందని తెలిసి, డిజైను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. ఆయన తెర మీది బొమ్మను కాసేపు చూశాడు.

“నీళ్లు ఈడ దూరతాయి, సరే సార్. లోపలుండే గాలి యాడికి పోవాల?”

“అదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుందన్నా,” అన్నాను, కాస్త జాలిగా.

ఆయన నేను గీసింది గీసినట్టే చెక్కి ఇచ్చాడు.

నంద్యాలకు వచ్చి, పైన మూత అతికించి చుక్క వేశాను. చిప్పు చివరి గదిలో గాలి బుడగ అడ్డం కూర్చుంది, నీళ్లు సగం దారిలోనే ఆగిపోయాయి. కాలువ నిండా ముందే నీళ్లున్నాయని, లోపల గాలే లేదని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది నేనే.

సిగ్గుపడుతూ మళ్లీ వెళ్లాను. ఆయన చిప్పులో రంగు మారే గది పక్కన, గాలి పోయేలా చిన్న రంధ్రం వేశాడు.

“ఆ రోజే వేసి ఉండొచ్చు కదన్నా?”

“మీ కంప్యూటర్ ఒప్పుకోల్యా గదా సార్.”

ఈసారి నీళ్లు చివరిదాకా పోయాయి, రంగూ మారింది. కాలేజీలో చూపించినప్పుడు ఆ రంధ్రం ఆలోచన ఎలా వచ్చిందని ఒకరు అడిగారు. లోతైన విశ్లేషణ తర్వాత వచ్చిందని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ వినయంగా తల వంచాను.